నాయనమ్మ వయసు ఎక్స్ అనుకుందాం

ఇప్పుడు తెలియనిదేదైనా ఫోనునడిగితే చెప్పేస్తుంది. ఆ రోజుల్లో తెలియనిదాన్ని ‘ఎక్స్ అనుకుందాం’ అని మొదలుపెట్టి, తిప్పలు పడి మనమే కనుక్కోవాలి. చిన్నకోడూరులో ఏడో తరగతి చదివే నాకు ఆ అనుకోవడమే మింగుడు పడలేదు. (వేరే అనుకోవడాల్లో నేను ఘనురాలినే. ప్రతి పరీక్షకు ముందూ ఫస్టొస్తాననే అనుకునేదాన్ని.)

ఒక సాయంత్రం బాపు పందెం పెట్టాడు. “నాకు నలభై ఏండ్లు. నేను పుట్టినప్పుడు మా అవ్వకెంత వయసో, ఇప్పుడు దానికి మూడింతలు. ఇప్పుడామెకు ఎన్నేండ్లో చెప్పు, సిద్దిపేటకు పోయి సైకిల్ కొనుక్కొద్దాం.” సైకిలనేసరికి నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. సారు నేర్పినట్టే, బాపు పుట్టిననాటి వాళ్లమ్మ వయసును, అంటే మా నాయనమ్మ వయసును, ఎక్స్ అనుకున్నాను. దానికి నలభై కలిపితే ఇప్పటి వయసు, అంటే మూడు ఎక్స్‌లు. అటుదిటు, ఇటుదటు జరిపితే ఎక్స్ ఇరవై అని తేలింది. ఆ సంబరంలో ఎక్స్ ఏమిటనుకున్నానో మరిచిపోయి, “నాయినమ్మకు ఇరవై ఏండ్లు!” అని వాడకట్టంతా వినబడేలా అరిచాను.

బాపు పడీపడీ నవ్వాడు. “అంటే మా అవ్వ నాకన్న చిన్నదా? పాయె, నీ సైకిల్ పాయె!” నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా చింతపండులో గింజలు తీస్తున్న నాయనమ్మ కొంగు దులుపుకుని లేచింది. “ఏందిరా తప్పు? పిల్ల మంచిగనే చెప్పింది. తప్పంటే నన్ను ముసల్దాన్నన్నట్టే. అంటవా, అను!” బాపు రెండు చేతులూ జోడించాడు. సైకిలొచ్చింది. ఆ తర్వాత బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే, “ఇరవై ఏండ్లదాన్ని, నిలవడ్త తియ్యి” అనేది నాయనమ్మ.

చివరి రోజుల్లో సిద్దిపేట దవాఖానలో నర్సు వయసెంతని అడిగితే, “గా పిల్లనడుగు, లెక్క జేసింది” అని నన్ను చూపించింది. ఇరవై అన్నాను. నర్సుకు అర్థం కాలేదు. నాయనమ్మ మాత్రం బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

నిన్న మా అమ్మాయి అలాంటి లెక్కే చేస్తూ ఎక్స్ దగ్గర ఆగిపోయింది. “ఇంకా అయిపోలే బిడ్డా, ఇప్పటి వయసు అడిగిన్రు” అని పెద్ద టీచరమ్మలా దిద్దాను. అది బుద్ధిగా మిగతా ఏళ్లు కలుపుకుంది. నాకు మాత్రం ఇంకొక్కసారి ఆ ఎక్స్ దగ్గరే ఆగిపోయి, నాయినమ్మకు ఇరవై ఏండ్లని అరవాలనిపించింది.