ఆర్లిస్ బస్సు దిగిన ముప్పావుగంట

మా నార్త్ డకోటా గాలి ఎలాంటిదంటే, ఒకసారి నేను ఇంటి ముందు గేటు తెరిస్తే అది కొట్టుకుపోయి పక్క జిల్లాలో ఎవరి పెరటికో మూసుకుంది. వాళ్ళు ఇప్పటికీ దాన్నే వాడుకుంటున్నారు. ఈ మాట నేను చెబితే మా ఊరు టిల్బీలో ఎవరూ కాదనరు. నమ్మి కాదు, ఈ లైల్ వోగెల్ చెప్పినదాన్ని కాదనడం దండగని. బడి మానేసిన వాళ్ళలో నా అంత పేరు తెచ్చుకున్నవాడు నాలుగు జిల్లాల్లో లేడు. పదహారు నిండిన రోజునే పుస్తకాలన్నీ లెక్కల మాస్టారి బల్ల మీద పెట్టి, "ఇవి మీరే చదువుకోండి" అని వచ్చేశాను. మూడేళ్ళకి ఆయన కూడా బడి మానేశాడు. పుస్తకాలు అయిపోయి ఉంటాయి.

అయితే ఇది నా గొప్పలు చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. ఆర్లిస్ టోర్గెర్సన్ గురించి రాస్తున్నాను.

ఆర్లిస్ ముప్పయ్యొక్క ఏళ్ళు మా బడి బస్సు నడిపింది. ఉత్తర దారి ఆమెది. పొలాల మధ్య ఎవరో విసిరేసినట్టుండే ఇళ్ళన్నిటినీ మట్టిరోడ్ల మీద చుట్టుకు రావాలి. మనిషి పొట్టి. సీటు మీద పాత టెలిఫోన్ డైరెక్టరీ వేసుకుని కూచునేది. పిల్లలు గోల చేస్తే అరిచేది కాదు. బస్సు పక్కకి ఆపి, సంచిలోంచి ఊలు తీసి ఒక వరస అల్లి, "అయిందా మీది?" అని అడిగి మళ్ళీ బయల్దేరేది. మా పుణ్యమా అని ఆమెకి ఏడాదికో స్వెట్టరు తయారయ్యేది.

నేను బడి మానేశాక కూడా నెల్లాళ్ళపాటు మా ఇంటి ముందు బస్సు ఆపింది. రెండుసార్లు హారన్ కొట్టి, తలుపు తెరిచి, నిండా ఒక నిమిషం చూసేది. నేను పశువుల కొట్టం వెనక నుంచుని ఆ నిమిషం ఎప్పుడు అవుతుందా అని లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ లెక్కలు మాత్రం బాగానే వచ్చేవి.

ఆమె ఎడమచేతి చివరి రెండు వేళ్ళకి పై కణుపులు లేవు. అవి ఎలా పోయాయో ఊరంతటికీ తెలుసు. ఎందుకంటే ఆ కథ చెప్పింది నేను.

నాకు పదమూడేళ్ళప్పుడు, జనవరిలో, బడి నుంచి ఇళ్ళకి వెళ్తుంటే మంచు తుఫాను మా బస్సుని పట్టుకుంది. పన్నెండు మంది చిన్నపిల్లలు, నేను, ఆర్లిస్. బస్సు మంచులో కూరుకుపోయింది. ఇంతవరకూ నిజం. ఇక్కణ్ణుంచి నేను ఇరవై తొమ్మిదేళ్ళపాటు చెప్పింది వినండి. చలికి గడియారంలో సెకండ్ల ముల్లు వెళ్ళి నిమిషాల ముల్లు చాటున ముడుచుకుంది. ఆర్లిస్ సీటు కిందనుంచి విస్కీ సీసా తీసి, సగం తను తాగి, మిగిలింది పిల్లలకి మూతతో తలో గుక్కా పోసింది. ఆ వేడికి బస్సు మీద మంచు కరిగి జారింది. అప్పుడామె, "ఈ తుఫానుకి బుద్ధి చెప్పేవాళ్ళు లేరనుకుంటోంది" అని బస్సు దిగి, ముప్పావుగంట దాన్ని తిట్టి తిట్టి వచ్చింది. అడ్డొచ్చిన తోడేలుకి రెండు వేలి కొసలు పారేసి, "ఇంతే, పో" అంది. తుఫాను సిగ్గుపడి పక్క రాష్ట్రం మిన్నెసోటా వైపు పోయింది.

ఈ కథని నేను సహకార సంఘం గోదాములో పొద్దుటి కాఫీ దగ్గర ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఆర్లిస్ కూడా ఒకటి రెండుసార్లు పక్కనే ఉండి వింది. "తోడేలు మగదా ఆడదా?" అని అడిగి తన కప్పు నింపుకుని వెళ్ళిపోయింది. ఆ కథ చెప్పడం ఆమెని మెచ్చుకోవడమే అనుకున్నాను నేను. ఆమెని మా ఊరి వీరవనితని చేసింది నా నాలుకే అనుకుని, లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆర్లిస్ బస్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, మేం ఓట్లేసి ఎన్నుకునే స్కూలు బోర్డు ఖర్చు తగ్గించాలని ఉత్తర దారిని ఎత్తేసి తూర్పు దారిలో కలిపేద్దామంది. అలా చేస్తే చివరి ఇంటి పిల్లలు పొద్దున గంటా నలభై నిమిషాలు, సాయంత్రం గంటా నలభై నిమిషాలు బస్సులోనే ఉండాలి. అలాంటి పిల్లలు పదకొండు మంది. అది విని ఆర్లిస్ బోర్డు ఎన్నికలకి నిలబడింది. అప్పటికామెకి అరవై తొమ్మిది. ఒక్క సీటే ఖాళీ. ఎదుటి అభ్యర్థి పంటల బీమా అమ్మే బ్రెంట్ హాల్వర్సన్. చెడ్డవాడు కాదు. కాని పొదుపు అనే మాట వింటే చర్చిలో లేచి నుంచున్నట్టు నుంచుంటాడు.

ఆర్లిస్ ప్రచారం బోర్డులు చేత్తో రాసుకుని ఇళ్ళ ముందు గడ్డిలో పాతింది. నా ముందు వాకిట్లోనూ ఒకటి పాతి, "నీ ఓటు ఉందా లైల్, లేక దాన్ని కూడా మధ్యలో మానేశావా?" అంది.

"నా ఓటేమిటి ఆర్లిస్ గారూ, మా గోదాము ఎలకల చేత కూడా మీకే వేయిస్తా."

"ఎలకలొద్దు. నువ్వొక్కడివే రా, చాలు."

పోలింగుకి వారం ముందు, బడి భోజనాల హాల్లో అభ్యర్థుల సభ పెట్టారు. మా ఊళ్ళో పద్ధతేమిటంటే, ప్రశ్నలు ఎవరూ నోటితో అడగరు. చిన్న కార్డు మీద పేరు లేకుండా రాసి బుట్టలో వేస్తారు. పోస్టాఫీసు మార్జొరీ ఒక్కొక్కటీ తీసి చదువుతుంది. ముఖం చూపించి అడగలేనివి అడగడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. నేను వెనక వరసలో ఓరిన్ పక్కన కూచున్నాను. గోదాములో నాతో పనిచేస్తాడు, నా కథలకి నాకన్నా ముందు నవ్వుతాడు.

వంటగది రిపేరు మీద రెండు కార్డులయ్యాయి. ఫుట్‌బాల్ దుస్తుల మీద ఒకటి. ఆ తర్వాత తీసిన కార్డుని మార్జొరీ ముందు తనలో తను చదువుకుంది. పక్కన పెడదామా అన్నట్టు చూసి, చివరికి చదివింది.

"శ్రీమతి టోర్గెర్సన్ గారికి. జనవరి తుఫానులో మీరు మద్యం తాగి, పిల్లలకీ పోసి, వాళ్ళని బస్సులో వదిలేసి ముప్పావుగంట వెళ్ళిపోయారన్నది నిజమేనా?"

నా కథ నాకే కొత్తగా వినిపించింది. తోడేలు లేదు. తుఫాను సిగ్గుపడటం లేదు. మిగిలింది సీసా, దిగి వెళ్ళడం. అంతే.

బ్రెంట్ సగం లేచి, "ఇది నేను రాయించింది కాదు, అందరికీ చెబుతున్నా" అన్నాడు.

"కూచో బ్రెంట్" అంది ఆర్లిస్. మైకు దగ్గరికి లాక్కుంది. "తాగలేదు. చర్చిలో ప్రసాదంగా ఇచ్చే ద్రాక్షసారా గుక్క తప్ప నేనెప్పుడూ తాగింది లేదు. పిల్లలకిచ్చింది నా ఫ్లాస్కులో వేడి కోకో. దిగి వెళ్ళిన మాట మాత్రం నిజం."

ముందు వరసలో డెబ్రా లేచింది. ఆ రోజు బస్సులో రెండో తరగతి పిల్ల, ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. పాపం, వెక్కిరించడానికి కాదు, తెలుసుకుందామనే అడిగింది. "నాకు గుర్తుంది ఆర్లిస్ గారూ. మేం చాలా ఏడ్చాం. వెళ్తూ మీరేదో చెప్పారు, ఆ ఏడుపులో అది గుర్తులేదు. ఎందుకు వెళ్ళారు?"

"అవసరం పడింది."

"ఏం అవసరం?"

"అది ఇంకొకళ్ళ సంగతి, తల్లీ. నేను చెప్పను."

ఆమె నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

అసలు ఎందుకు వెళ్ళిందో ఆ హాల్లో తెలిసింది ఇద్దరికే. బస్సు కూరుకుపోయిన అరగంటకి నాకు పిచ్చి భయం పట్టుకుంది. పదమూడేళ్ళవాణ్ణి, ఆ బస్సులో అందరికన్నా పెద్దవాణ్ణి, "అమ్మా" అంటూ వెనక తలుపు తోసుకుని మంచులోకి పరిగెత్తాను. చిన్నపిల్లలంతా ముందువైపు హీటరు చుట్టూ ముడుచుకుని ఉన్నారు. "లైల్ దారి చూడటానికి వెళ్ళాడు, నేను సాయం వెళ్ళొస్తా, తలుపు తీయకండి" అని వాళ్ళకి చెప్పి, బస్సులో ఉన్న ఊలంతా ముడేసి ఒక కొస బస్సు బయటి అద్దానికి కట్టి, రెండోది పట్టుకుని ఆమె నా వెనక వచ్చింది. నేను కంచె దగ్గర పడి ఉన్నాను. ప్యాంటు తడుపుకున్నాను. ఒక చేతికి గ్లోవ్ లేదు. తన ఎడమచేతిది తీసి నాకు తొడిగింది. ఆ ఊలు పట్టుకునే నన్ను వెనక్కి లాక్కొచ్చింది. "ఎవరికీ చెప్పకండి" అని ఏడిస్తే, "చెప్పను" అంది. తన స్కార్ఫు నా నడుముకి చుట్టి, పిల్లల ముందు "దారి లేదటమ్మా, లైల్ చూసొచ్చాడు" అంది. రోడ్డు మీద మంచు తోసే బండి వచ్చేసరికి నేను ఆ పిల్లలకి హీరోని. వారం తర్వాత, చలికి చచ్చుబడిన ఆమె రెండు వేలి కొసలు కోసేశారు.

ఆ వేళ్ళ గురించి ఎవరూ అడక్కముందే నేను తోడేలుని పుట్టించాను. ఆమె ఎందుకు దిగిందో అడక్కముందే విస్కీ పోశాను. మెచ్చుకోవడానికి కాదు.

ఒక్క మాట చాలు. "ఆమె నాకోసం దిగింది." అంతే అనాలి. కుర్చీ అంచులు రెండు చేతులతో పట్టుకున్నాను, లేవడానికే. అప్పుడు ఓరిన్ మోచేత్తో పొడిచాడు. "ఒరేయ్ లైలూ, నీ సరుకే కదరా! లేచి తోడేలు ముక్క కూడా చెప్పు, పాపం ఆవిడ మర్చిపోయింది!"

వెనక వరసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

ఇక్కడ ఏదైనా ఒక మాట కలిపి దీన్ని చిన్నది చేయగలను. ఆ పని నాకు బాగా వచ్చు. కాని జరిగింది అదే. నేను నవ్వాను.

ఆర్లిస్ తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాను. గడ్డిలోంచి తన పేరున్న బోర్డులు పీకి కారు వెనక వేస్తోంది.

"కాఫీకొచ్చావా, క్షమాపణకొచ్చావా? కాఫీ అయిపోయింది."

"మీరు చెప్పేయాల్సింది ఆర్లిస్ గారూ. చెప్పేస్తే నేనేమీ అనుకునేవాణ్ణి కాదు."

ఆమె బోర్డు కింద పెట్టింది. "నువ్వు అనుకుంటావని నోరు మూసుకున్నాననుకున్నావా? నీకోసమైతే మైకులో చెప్పేసేదాన్ని. నేను మాటిచ్చింది మంచులో తడిసిపోయి ఏడుస్తున్న పిల్లాడికి. ఆ మాట వెనక్కి తీసుకోమని వాడిప్పటికీ నన్నడగలేదు. నీకేమో నలభై రెండొచ్చాయి." మళ్ళీ వంగి ఇంకో బోర్డు పీకింది. "నాకు ఓడిపోవడం పెద్ద లెక్క కాదురా. పదకొండు మంది పిల్లలు. చీకట్లో లేచి చీకట్లో దిగాలి."

బోర్డులు మోయడానికి చెయ్యి వేశాను. వద్దనలేదు, థాంక్స్ కూడా అనలేదు.

జూలైలో కొత్త బోర్డు ఉత్తర దారి మీద ఓటు వేసేముందు, ఊరివాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చని మూడు నిమిషాలిచ్చారు. నేను వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పేరు, ఇంటి నంబరు చెప్పమన్నారు, చెప్పాను. విస్కీ లేదన్నాను. తోడేలు లేదన్నాను. వెనక తలుపు, కంచె, గ్లోవ్, అన్నీ చెప్పాను. తడిసిన ప్యాంటు కూడా చెప్పాను, అది దాచుకుంటే మిగతాది ఎవరు నమ్ముతారని.

అక్కడే మొదటి నవ్వు వచ్చింది. ఊలు దగ్గరికొచ్చేసరికి ఒకాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను గొంతు పెంచాను. "నవ్వకండి, ఇది కథ కాదు, ఒట్టు!" అన్నాను. ఇంకా నవ్వారు. ఆ ఒట్టు నా ప్రతి కథలోనూ ఉంటుంది మరి. బ్రెంట్ ఒక్కడే నవ్వలేదు, కాగితాల వంక చూస్తూ కూచున్నాడు. డెబ్రా నావైపు చూసింది, నవ్వాలో మానాలో తెలియనట్టు. అంతలో అధ్యక్షుడు బల్ల తట్టి, "టైమయింది లైల్, చాలా బాగుంది, థాంక్స్" అన్నాడు. ఉత్తర దారిని మూడు రెండు ఓట్లతో ఎత్తేశారు. ఎత్తేయొద్దని వేసిన ఇద్దరిలో బ్రెంట్ ఒకడు. ఎందుకో నేనడగలేదు. ఆ సభకి ఆర్లిస్ రాలేదు.

తర్వాత వారంలో ఒక పొద్దున గోదాముకి ధాన్యం లారీ వచ్చింది. డ్రైవరు కొత్తవాడు, కాఫీ పోసుకుంటున్నాడు.

"లైలూ, ఆ కొత్తది చెప్పరా ఈయనకి" అన్నాడు ఓరిన్.

"చెప్పను."

"సరే, నేనే చెప్తా. ఇదుగో బాబూ, మా ఊళ్ళో ఒక బస్సు డ్రైవరమ్మ ఉండేది. తుఫానులో బస్సు ఆగిపోతే సీటు కిందనుంచి సీసా తీసి..."

"సీసా లేదురా ఓరిన్" అన్నాను.

ఓరిన్ నావైపు తిరగను కూడా తిరగలేదు. "నువ్వూరుకో. నీకేం తెలుసు?" అని డ్రైవరు వైపు ఇంకాస్త వంగాడు.