ఎస్తేరమ్మ ఫ్లాటు ఎందుకమ్మింది

1997. ఆత్మకూరు బస్టాండు ఎదుట టీకొట్టు పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని ఇళ్లూ స్థలాలూ బేరం కుదిర్చేవాణ్ణి. జనం మమ్మల్ని బ్రోకర్లంటారు, గిట్టనప్పుడు ఇంకా రకరకాలుగా అంటారు. అంతకు ముందు స్థలం చూపిస్తే చాలు, సాయంత్రానికల్లా అడ్వాన్సు చేతిలో పెట్టేవాళ్లు. ఆ ఏడాది గిరాకీ పూర్తిగా పడిపోయింది. వచ్చినవాళ్లు రేటు విని, నా లెక్కలో టీ తాగి వెళ్లిపోయేవారు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఎస్తేరమ్మ టీచరు. ఉదయగిరిలో ఒక అద్దెగదిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. భర్త బస్సు కండక్టరుగా చేస్తూ పోయాడు. రేట్లు మంచి ఊపు మీదున్నప్పుడు ఆయన ఆత్మకూరులో కొన్న ఫ్లాటు ఆమెకు మిగిలింది.

"అమ్మితే ఎంతొస్తాదన్నా?"

"ఇప్పుడా? మీ ఆయన కొన్న రేటు కూడా రాదు టీచరమ్మా. కొంతకాలం ఆగండి."

"ఆగే వీలుంటే నీ దగ్గరికి ఎందుకొస్తాను?"

సంగతేమిటంటే, ఆమె గది యజమాని సుబ్బరాయ శెట్టి ఆ గదిని అమ్మకానికి పెట్టాడు. సిమెంటు గోడౌనుకు కావాలని ఎవరో తిరుగుతున్నారు. క్రిస్మస్ లోపల టీచరు కొనుక్కోకపోతే గది పోతుంది, దాంతోపాటు కుట్టు క్లాసూ పోతుంది. ఆ ఊళ్లో ఆమెకు ఉన్నదల్లా ఆ క్లాసే.

ఇక్కడొక చిక్కు వచ్చింది. గది కొనడానికే ఫ్లాటు అమ్ముతోందని తెలిస్తే శెట్టి రేటు పెంచేస్తాడని ఆమె భయం. "మాట ఉదయగిరి బస్సెక్కిందంటే ఇంక ఆగదన్నా. ఎవరన్నా అడిగితే ఊరికే అమ్ముతుండానని చెప్తాను" అంది. నాకూ అదే మేలనిపించింది. మా పనిలో డిస్ట్రెస్ సేల్ అనే మాట ఉంది. గత్యంతరం లేక అమ్ముకోవడం అన్నమాట. ఆ వాసన తగిలిందంటే కొనేవాడు ధరను తొక్కేస్తాడు.

వింజమూరు నుంచి భార్యాభర్తలు వచ్చారు. అనంతసాగరం నుంచి ఒక మేస్టారు వచ్చాడు. గాలి, వెలుతురు, నీళ్లు, దేనికీ వంక పెట్టలేదు. పోయే ముందు మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న, ఎందుకమ్ముతున్నారని. టీచరు నేల చూపులు చూస్తూ "ఊరికే" అనేది. అబద్ధం ఆమెకు బొత్తిగా చేతకాదు. వాళ్లు మెట్లు దిగుతూ పక్కవాళ్లను గుసగుసగా ఏదో అడిగేవాళ్లు, మళ్లీ మొహం చూపించేవాళ్లు కాదు. రేట్లు పడిపోయిన రోజుల్లో ఊరికే ఎవరమ్ముతారు? గోడలు చెమ్మపడుతున్నాయని, వాస్తు బాగాలేదని, కండక్టరు ఆ ఇంట్లోనే ప్రాణం విడిచాడని నానా కథలూ పుట్టాయి. ఆయన పోయింది నెల్లూరు ఆసుపత్రిలో. వింటుంటే నాకు ఒళ్లు మండేది.

నవంబరులో చేజర్ల నుంచి పెంచలయ్య అనే రైతు వచ్చాడు. పిల్లలు ఆత్మకూరులో చదువుతున్నారు, అద్దె ఇళ్లతో విసిగిపోయాడు. గదులన్నీ తిరిగి చూసి, బాల్కనీలోంచి కిందికి తొంగిచూశాడు.

"ఇల్లు బాగుండాది. నా నేలేది?"

ఫ్లాటుతోపాటు కింది స్థలంలో అన్‌డివైడెడ్ షేర్ వస్తుందని చెప్పాను. స్థలం అందరిదీ, ఎవరి వాటా ఎక్కడో గీత గీసి చూపించరు.

"చూపించలేని నేలకు డబ్బులిచ్చేదేందయ్యా?" అని నవ్వాడు. తర్వాత టీచరు వైపు తిరిగాడు. "ఎందుకమ్ముతుండావమ్మా?"

"ఊరికేనన్నా."

"ఎద్దును కొన్నా నేను ముందు ఇదే అడుగుతానమ్మా. ఊరికే అమ్మే ఎద్దుకు ఏదో ఒక రోగముంటాది. అవసరానికి అమ్మేదైతే చెప్పు, కొంటాను. ఊరికే అమ్మేదైతే నాకొద్దు."

టీచరు నా వైపు చూసింది. చెప్పొద్దని కళ్లతోనే సైగ చేశాను. ఆమె పట్టించుకోలేదు. క్లాసు సంగతి, గది సంగతి, శెట్టి సంగతి అంతా చెప్పేసింది. పెంచలయ్య అంతా విని, రేటు మీద కొంత తగ్గించమన్నాడు. మరీ తొక్కలేదు.

ఆమెను పక్కకు పిలిచి, ఇంకో ఏడాది ఆగితే మంచి రేటు రావచ్చని చెప్పాను.

"ఫ్లాటు ఆగుతాదన్నా. గది ఆగదు. ఇచ్చేస్తాను" అంది.

రిజిస్ట్రేషనైన మర్నాడు ఆమెకు తోడుగా ఉదయగిరి వెళ్లాను. శెట్టి రేటు పెంచితే ఏం మాట్లాడాలో దారి పొడవునా కూడబలుక్కున్నాం. ఆయన మమ్మల్ని కొట్లో కూర్చోబెట్టి సోడాలు తెప్పించాడు. గదికి మొదట చెప్పిన రేటే చెప్పాడు. ఆపైన తాపీగా అడిగాడు.

"అయితే ఫ్లాటు అమ్ముడుబోయినట్టేనా అమ్మా?"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. "మీకెట్ట తెలుసు శెట్టిగారూ?" అంది టీచరు.

"నువ్వు ఫ్లాటు తాళాలు ఎత్తుకొని ఆత్మకూరు బస్సెక్కిన మొదటి రోజే తెలుసు. టికెట్టు కొట్టేది మీ ఆయనతో పనిచేసినోళ్లేగా! గోడౌనాయన ఎన్నిసార్లు తిరిగినాడో. టీచరమ్మ సంగతి తేలిందాకా ఆగమని చెప్తా వచ్చినాను."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను సోడా సీసా పక్కన పెట్టేశాను. ఎవరికి తెలియకూడదని అన్ని నెలలు అవస్థ పడ్డామో, ఆయనే ఆమె కోసం గది కాపాడుకుంటూ వచ్చాడు.

కొన్నేళ్లకు ఆ ఫ్లాటు రేటు బాగా పెరిగింది. ఆగి ఉంటే లాభమే. అప్పటికి గదిలో సిమెంటు బస్తాలుండేవి, అంతే తేడా. ఆ కేసు తర్వాత అమ్మడానికి ఎవరొచ్చినా కారణమే ముందు అడగడం అలవాటు చేసుకున్నాను. రేట్లు పడిపోయినప్పుడు కొనేవాడికి ఇంటికంటే ముందు ఆ కారణం నచ్చాలి. అది చెప్పుకోవడానికి జంకేవాళ్లకు ఎస్తేరమ్మ కథ చెబుతాను.

శెట్టి కొట్లోంచి బయటపడ్డ ఆ సాయంత్రం ఒంటరిగా తిరుగు బస్సెక్కాను. ఇంకా సీట్లో కూర్చోకముందే కండక్టరు నా దగ్గరికొచ్చాడు. టికెట్టు సంగతి తర్వాత. "శెట్టి గది ఇస్తానన్నాడా అన్నా?" అని అడిగాడు.