ఆంజనేయప్రసాద్ గారి కుడిచెయ్యి

2023 మే నెల. కెనడాలో వాన్ అనే ఊళ్లో ఒక పాత గోదామును ఆస్పత్రిగా మార్చి అమెరికన్ సీరియల్ తీస్తున్నారు. మంచాల మీద పడుకున్న రోగుల్లో సగం మంది కాలేజీ లేని రోజున పనికొచ్చిన తెలుగు విద్యార్థులే. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఫోన్లు బయట పెట్టించారు. ఇంట్లో జ్వరంతో ఉన్న మా చిన్నవాడు పండు మీదే నా ధ్యాసంతా. కానీ ఆంజనేయప్రసాద్ గారిని చూశాక ఆ భయం కాసేపు పక్కకు జరిగింది.

రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా ఉన్నప్పటి నుంచీ, రిటైరయ్యాక కూడా, ఇరవై రెండేళ్లుగా ఆయన ఇలాంటి షూటింగుల్లో వెనక నిలబడుతున్నారు. టాక్సీ నడిపారు, కోర్టులో కునుకు తీశారు, రెండుసార్లు శవమయ్యారు. మొహం ఎక్కడా సరిగా పడలేదు. మాట అసలే లేదు. ఇవాళ డాక్టరు వేషం. ఎనభై దాటిన పేరున్న నటుడికి ఫైలు అందిస్తూ, మీ భార్య ఇక లేరని ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పాలి.

ఎడమచేత్తో అందించాలి. కుడిచెయ్యి చాపితే భుజం తిరిగి కెమెరాకి మొహం కనబడదు.

మొదటిసారి కుడిచెయ్యే వెళ్లింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎడమచెయ్యి సగం దాకా వెళ్లింది, చివర్లో ఫైలు కుడిచేతిలోకి మారిపోయింది.

ఇంకొక్కసారి చూసి, కుదరకపోతే డైలాగు నర్సుకిచ్చేద్దామన్నాడు డైరెక్టరు.

నర్సు వేషంలో ఉన్న వరంగల్ అమ్మాయి మధుమిత ఆయన పక్కకు జరిగింది. "అంకుల్, కుడిచెయ్యి జేబుల పెట్టుకోండి. నాకొద్దు ఆ డైలాగు."

"పెద్దాయనకి ఎడమచేత్తో ఎలా ఇస్తానమ్మా? చావు కబురు కూడానూ!"

"ఆయనకేం తెలుస్తది అంకుల్?"

"నాకు తెలుసుగా!"

నాలుగోసారి. కోటు జేబులో ఆయన పిడికిలి బిగుసుకోవడం నా మంచం మీదికి కనబడుతోంది. ఎడమచెయ్యి ముందుకు వెళ్లింది. దాంతోపాటే నోరూ కదిలింది, తెలుగులో.

"ఎడమ చెయ్యి, ఏమనుకోకండి."

మధుమిత కళ్లు మూసుకుంది. పెద్దాయన ఒకసారి తలెత్తి చూసి, ఆగకుండా ఫైలు అందుకున్నాడు. అప్పుడు ప్రసాద్ గారు ఇంగ్లీషు వాక్యం చెప్పారు.

"కట్."

ముందు ఏమన్నావని డైరెక్టరు అడిగాడు. క్షమించమని అడిగానన్నారు ఈయన. డైరెక్టరు తెరమీద చూశాడు, మళ్లీ వేయించుకుని చూశాడు. కుర్చీలోంచి లేవకుండానే పెద్దాయన, "నేను నమ్మాను. ఉంచు," అన్నాడు.

ఉంచారు.

వెళ్తూ వెళ్తూ ప్రసాద్ గారు నా మంచం దగ్గర ఆగారు.

"మొహం పడిందంటావా?"

"పడిందంకుల్, చెమటతో సహా."