పెద్దమ్మ బొంతలో ఆకాశం

పోయిన నెల ఒక పొద్దున అక్క ఫోన్ చేసి "అమ్మ పోయిందే" అన్నది. పెద్దమ్మ చాయ తాగి, వాకిట్లో కుర్చీలో కూర్చుని, సూదిలో దారం ఎక్కించమని మనుమరాలిని పిలిచిందట. పిల్ల వచ్చేసరికి సూది చేతిలోనే ఉంది, మనిషి లేదు.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఫోన్ చేసింది ఆమె కూతురు. పెద్దమ్మ గురించి మీకు చెప్పాలని కూర్చున్నాను, ఎందుకంటే ఆమె పట్ల నేను చేసిన ఒక తప్పు గూడూరులో వాళ్లింటి గోడకు ఇంకా వేలాడుతూనే ఉంది.

మా దిక్కు బొంత కుట్టని ఇల్లు లేదు. పాత చీరలు మడతలు వేసి, గళ్లు గళ్లుగా కుట్టి, చలికాలం కప్పుకుంటాం. పెద్దమ్మ బొంతల్లో గళ్లు ఉండేవి కావు. గుట్టలు, వరిమడులు, మిరపకాయలు ఆరబోసిన కల్లాలు ఉండేవి. అవన్నీ గోడకు కట్టి చూసుకోవడానికే. "కప్పుకోనికి పనికిరాని బొంత ఎందుకక్కా?" అని మా అమ్మ ఎద్దేవా చేస్తే, "నువ్వు టీవీ కప్పుకుంటున్నవా?" అని అడిగేది.

రంగు కుదిరినంత మాత్రాన ఏ గుడ్డ పడితే ఆ గుడ్డ వాడేది కాదు. వరిమడికి ఆ మడిలో నాటు వేసిన మనిషి చీరే కావాలి. గుట్ట మీది బాటకు ఆ బాటన మేకలు తోలిన ముసలాయన పంచె కావాలి. అడిగి తెచ్చుకున్నాక కూడా వెంటనే కోసేది కాదు. నాలుగు రోజులు ఆగి, ఆ గుడ్డ పట్టుకుని మళ్లీ వాళ్లింటికి పోయి "కత్తెర పెట్టనా?" అని అడిగేది.

"ఇచ్చినంక గూడ అడుగుడేందక్కా?" అని నవ్వేవాళ్లు.

"ఇచ్చుడు వేరు, కోసుడు వేరు" అనేది పెద్దమ్మ.

ఒకామె అలా అడిగేసరికి ఆలోచనలో పడి చీర వెనక్కి తీసుకుంది. బొంతలో ఆమె మడి రెండేళ్లు బీడుగానే ఉండిపోయింది.

అన్నింటిలోకీ పెద్ద బొంతను ఆమె ఏళ్ల తరబడి కుట్టింది. ఆమె పుట్టిల్లు బయ్యారం. అక్కడి ఎర్రగుట్టను వాళ్లమ్మ చీరలతో పైకి లేపింది. గుట్ట కింద గూడూరులోని తమ వాడను తెచ్చి పెట్టింది. "బయ్యారం గుట్ట కింద గూడూరు ఎట్లుంటది?" అని అడిగితే, "నేను ఆడికెల్లి ఈడికి వచ్చిన గదా, గుట్ట రావద్దా?" అన్నది. పైన అంతా లేత నీలం ఆకాశం.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో నేను మా దగ్గరి పట్నం మానుకోటలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలు బంద్. గూడూరులో రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేశాం. బయ్యారం గుట్టలోని ఇనుము మనదేనన్న మాట అప్పుడు అందరి నోటా ఉంది. శిబిరం వెనక కట్టడానికి బ్యానర్ కావాలన్నారు. నాకు ఆ బొంత గుర్తుకొచ్చింది. పెద్దమ్మ పత్తి ఏరడానికి పోయిన పూట చూసి, ఆమెకు చెప్పానని అక్కతో అబద్ధమాడి, బొంత తెచ్చేశాను. ఆకాశం ఖాళీగా కనిపించింది. తెల్ల పెయింటు తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు 'జై తెలంగాణ' అని రాశాను. నా చేతిరాతను అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

మర్నాడు నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు. పెద్దమ్మ పప్పు గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. బొంతను చూసి ఆగిపోయింది. గిన్నె దించి, దగ్గరికి పోయి, అక్షరాల మీద అరచేయి ఆనించింది.

"రంగు ఆరిందా?"

"ఆరింది పెద్దమ్మా."

"మంచిగనే రాసినవ్" అని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రోజంతా బొంత వైపు వీపు పెట్టి అందరికీ వడ్డించింది.

ఆ సాయంత్రం మా అమ్మ చెప్పింది. ఆ ఆకాశం పెదనాన్న నీలం చొక్కాలట. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి చనిపోయిన మనిషి చొక్కాలు. ఉన్నవన్నీ అందులోనే పెట్టేసిందట, ఇంకొక తునక కూడా మిగల్లేదట. నాకు తెలియదు. అడగలేదు కాబట్టే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

పోయి ఆమె ముందు ఏడ్చాను. ఆమె నా తల తన ఒళ్లో పెట్టుకుంది. "మీ పెద్దబాపు ఉంటే ఆయినే రాయమనెటోడు బిడ్డా. గని అడగాలె. మంచి పనికైనా సరే, అడగాలె" అన్నది. ఇప్పుడు నేను బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇంతకన్నా మంచి పాఠం నేను ఇంతవరకు చెప్పలేదు.

శిబిరం ఎత్తేశాక బొంత ఇంటికి చేరింది. పెయింటు పోదు, చొక్కాలు మళ్లీ రావు. పెద్దమ్మ చాలా రోజులు దాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కో అక్షరం కిందా తెల్లదారంతో సన్నటి ఏటవాలు కుట్లు వేయడం మొదలుపెట్టింది. సూదుల్లో దారం ఎక్కించే శిక్ష నాకు వేసింది. ఇప్పుడు దూరం నుంచి చూస్తే ఎర్రగుట్ట మీద మబ్బు పట్టి వాన కురుస్తున్నట్టు ఉంటుంది. దగ్గరికి వస్తే నా అక్షరాలు.

రాష్ట్రం వచ్చిన రోజు ఒంటినిండా రంగులతో వాళ్లింటికి పోయాను. "ఇగ వాన పడ్డట్టేనా?" అని అడిగింది. పడ్డట్టే అన్నాను. "చూద్దాం. పంట ఇంటికొస్తె గదా తెలిసేది" అని నా నోట్లో చక్కెర పోసింది.

ఆ బొంతలో ఒక్క ఇల్లు మాత్రం చివరిదాకా ఖాళీగా ఉంది. వాడలో అందరి ఇళ్లూ వాళ్ల వాళ్ల బట్టలతో నిండాయి కానీ పెద్దమ్మ ఇంటి దగ్గర అడుగున వేసే ఉత్త అస్తరు గుడ్డే కనిపించేది. ఎందుకని ఒకసారి అడిగాను. "నా చీర నేనే కోసుకుంటే, నన్ను అడిగెటోళ్లెవరు?" అన్నది.

పదకొండో రోజు ఆమె చీరలు పంచుతుంటే అక్క ఒకటి పక్కకు తీసింది. పత్తి ఏరడానికి కట్టుకుపోయే ఆకుపచ్చ చీర. దాన్నీ కత్తెరనూ నా చేతిలో పెట్టి, "నువ్వే అడుగు" అన్నది.

వాకిట్లో ఆమె కుర్చీ అలాగే ఉంది. దాని ముందు కింద కూర్చుని చీర పరిచాను.

"పెద్దమ్మా, కత్తెర పెట్టనా?"

జవాబు కోసం నిజంగానే ఆగాను. అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుని, చీర రెండో కొసను రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

నా కుట్లు వంకరగా వచ్చాయి. అయినా పెద్దమ్మ ఇల్లు ఇప్పుడు ఆకుపచ్చగా, మిగతా ఇళ్ల మధ్య, పెదనాన్న చొక్కాల కింద, ఆ వానలో తడుస్తూ ఉంది.