శబ్దం లేని తొమ్మిది నిమిషాలు

2025 జూన్ 14, శనివారం, సాయంత్రం ఆరున్నరకు మా నలుగురు మిత్రుల వాట్సాప్ గ్రూపులో తొమ్మిది నిమిషాల వీడియో ఒకటి పెట్టాను. పాత వీడియో క్యాసెట్టు నుంచి నేనే కంప్యూటర్లోకి ఎక్కించినది. ఆరుబయట జరిగిన కచేరీ. ఒక నల్లజాతి గాయని, ఆమె వెనుక రాక్ బ్యాండు. ఆరో నిమిషంలో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆమె గొంతు ఒక్కటే మిగులుతుంది. ఆ చోటు కోసమే ముప్పై ఏళ్లుగా ఆ క్యాసెట్టును దాచుకున్నాను.

ఆరూ ముప్పై ఒకటికి టీచరు మిత్రుడు "సూపర్" అన్నాడు. మరో నిమిషానికి బ్యాంకు మిత్రుడు "ఏం గొంతురా బాబూ, ఒళ్లు జలదరించింది" అని రాశాడు. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల కమీషన్ వ్యాపారం చేసే మూడోవాడు ఐదు చప్పట్ల బొమ్మలు పంపాడు.

భోజనమయ్యాక తీరిగ్గా ఆ వీడియో తెరిచాను. శబ్దం లేదు. ఎక్కించేటప్పుడు ఆడియో వైరు పెట్టడం మరిచాను. గాయని నోరు తెరుస్తోంది, మూస్తోంది, అంతే. మరుపు నాదే, కాదనను. కానీ మూగ వీడియోకు ఒళ్లు జలదరించిన మనిషిని ఏమనాలి?

ఇంటర్మీడియట్ రోజుల్లో ప్రతి శనివారం మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందు గదిలోనే కూర్చునేవాళ్లం. వారానికొకరి వంతు. వంతు వచ్చినవాడు తనకు ప్రాణమైన కచేరీ క్యాసెట్టు ఎక్కడినుంచైనా తేవాలి. చివరి చప్పట్లు ఆగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అమ్మ కూడా చాయ్ పళ్లెంతో గుమ్మంలోనే ఆగేది. ఆ తర్వాత మాత్రం గిటారు సాగదీసిందనీ, గాయకుడు అలసిపోయి జనం చేత పాడించాడనీ కొట్టుకున్నంత పని చేసేవాళ్లం. ఉద్యోగాలూ పిల్లలూ వచ్చాక ఆ గది ఖాళీ అయింది. దాని స్థానంలోకి వచ్చిన గ్రూపులో వినడం ఎప్పుడు ఆగిపోయిందో నాకు ఆ రాత్రి దాకా తెలియలేదు.

ఆదివారం చర్చి వదిలాక టీచరుకు ఫోన్ చేశాను.

"గింత దానికి లొల్లి ఏందిరా? నువ్వు పంపినవ్, మేం మెచ్చుకున్నం. అయిపాయె," అన్నాడు.

తర్వాత ఫోన్ చేస్తే బ్యాంకు మిత్రుడు నవ్వాడు. "తొమ్మిది నిమిషాలు ఎవడు చూస్తడు భై? ముక్కలు చేసి పంపు. నువ్వు ఖుష్ అయితవనే గదా అట్ల రాసిన!"

నేను ఖుషీ కావడానికట! నేను అడిగింది మెప్పు కాదు, తొమ్మిది నిమిషాలు. పాట బాగా లేదని తిట్టి ఉంటే భరించేవాణ్ని. ఫోన్ పెట్టేసి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఆ ఇద్దరూ మళ్లీ పలకరించలేదు.

మూడోవాడు ఫోన్ ఎత్తలేదు. సోమవారం మార్కెట్‌కే వెళ్లాను. ఉల్లిగడ్డ బస్తాల మధ్య నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"నేను ఇనలే. సూడలే సుత. ఒప్పుకుంటున్న. ఉరి తీస్తవా?"

"శనివారం ఆరున్నరకు ఇంటికి రా."

"టమాట లోడు ఉంటది రా."

"అయితే రాకు. చప్పట్లు కూడా పంపకు."

21వ తేదీ నాలుగు కుర్చీలు వేశాను. ఏడూ పదికి వచ్చాడు.

"నలభై నిమిషాలు ఆలస్యం," అన్నాను.

"తిట్లు తర్వాత. షురూ చెయ్," అన్నాడు.

ఈసారి అసలు క్యాసెట్టే పెట్టాను. ఆరో నిమిషంలో వాద్యాలు ఆగాయి. సరిగ్గా అప్పుడే వాడి ఫోన్ మోగింది. ఎవరిదో చూడకుండానే కట్ చేశాడు. చివరి చప్పట్లు ఆగాక మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"డ్రమ్ములోడు మళ్లీ ఎత్తుకునేటప్పుడు జెర తొందరపడ్డడు. ఇంటర్ల ఉన్నప్పుడే చెప్పిన నీకు."

పచ్చి అబద్ధం. డ్రమ్మరుకు చేత్తో సైగ చేసింది గాయనే. మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించాను.

"సైగ కాదది, చెమట తుడ్సుకుంటుంది," అన్నాడు.

తొమ్మిదిన్నర దాకా అరుచుకున్నాం. వెళ్తూ చెప్పుల దగ్గర ఆగి, "వచ్చే వారం నా వంతు," అన్నాడు.

పోయినవి: గ్రూపు, ఇద్దరు మిత్రులు, పదేపదే తిప్పినందుకు టేపు నలిగి ఆరో నిమిషం దగ్గర రెండు సెకన్ల బొమ్మ.

మిగిలినవి: పాట, శనివారం, ఒక కూరగాయల వ్యాపారి. డ్రమ్మరు విషయంలో ఇప్పటికీ వాడిదే తప్పు.