నూర్దిన్ కొత్త ప్రాసెసర్

బిష్కెక్‌లో పెళ్ళి వీడియోలు కూర్చే నూర్దిన్, ఫోను ఎత్తకముందే సరేనని తల ఊపడం మొదలుపెడతాడు. ఏడు తరాల చుట్టాల్లో ఎవరింట పెళ్ళయినా వీడియో అతనిదే. చుట్టాల దగ్గర డబ్బు పుచ్చుకుంటే తప్పు. ఆ వీడియోలతోనే రోజులు గడిచిపోయి, డబ్బిచ్చే పని ముట్టుకోలేకపోతున్నాడు. పాత ల్యాప్‌టాప్ వేగం పెరిగితే కాస్త ఊపిరాడుతుందని బజారు మేడమీది రిపేరు కొట్టుకు వెళ్ళాడు.

కొట్టతను కుబాత్ ఒక ప్రాసెసర్ తీసి, "సాకెట్లో కూర్చుంటుంది గానీ నీ బోర్డు దీన్ని గుర్తుపట్టదు తమ్ముడూ" అన్నాడు. ఇంకొకటి తీసి, "ఇది పెడితే దీనిమీదే మాంసం వేపుకోవచ్చు" అన్నాడు. చివరికి కుదిరేది దొరికింది. బిగించగానే, టీ తాగేంతసేపు నసిగే వీడియో ఒక్క గుక్కలో తెరుచుకుంది. నూర్దిన్ ముఖం వెలిగింది.

"ఇంతకీ మీది ఏ తెగ?" అన్నాడు కుబాత్, పనిముట్లు సర్దుతూ.

"బుగు తెగ, అన్నా." ఆ సంబరంలో నోరు జారింది.

"ఓరి నీ! మనవాడివేనా!" నూర్దిన్ తీసిన కూలి డబ్బును కుబాత్ తిరిగి అతని జేబులోకే తోసేశాడు. "మనలో మనకు డబ్బులేంట్రా? ఆదివారం మా అమ్మాయి పెళ్ళి. వీడియో నీదే."

నూర్దిన్ ల్యాప్‌టాప్ మెల్లగా మూశాడు.

"ఎన్నింటికి రమ్మంటావన్నా?"