నాయనమ్మ కోళ్లూ, నేను తెరిచిన పోర్టూ

పాలిటెక్నిక్ చదివే ఆ రోజుల్లో మా ఇంట్లో వైరున్న ప్రతి వస్తువుకూ నేనే వైద్యుణ్ణి. (నా చేతిలో పడి బాగుపడ్డవి తక్కువే, ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.) అప్పుడే నాయనమ్మ తుంటి విరిగి హన్మకొండలో దవాఖాన పాలైంది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ ఆమె మెతుకు ముట్టడం మానేసింది. "నా తొమ్మిది కోళ్లు ఎట్లున్నయో ఏమో! కండ్లతోని చూస్తెనే తింట" అని మొండికేసింది. తినకపోతే మందులు వేయలేమని డాక్టరు చెప్పి వెళ్లాడు. నాకు నిజంగా భయమేసింది.

ఫోటో చూపిస్తే "ఇది ఎప్పటిదో" అంది. వీడియో కాల్ చేద్దామంటే పగలంతా అందరం దవాఖానలోనే, ఇంట్లో మనిషి లేడు. దాంతో కోళ్ల జాలీ ఎదుట ఒక కెమెరా బిగించి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను. అంటే, బయటి నుంచి నా ఫోన్ వచ్చి తలుపు తడితే రౌటర్ అడ్డుపడకుండా దాన్ని నేరుగా కెమెరా దగ్గరికి పంపాలన్నమాట. ఇంటి వైఫైలో చూస్తే బ్రహ్మాండంగా కనబడింది. ఇంట్లో కూర్చుని చూస్తే ఆ తలుపు తట్టే పనే ఉండదని, అది పరీక్షే కాదని దవాఖానకు వచ్చాక గానీ తట్టలేదు.

నాయనమ్మ మంచం పక్కన ఫోన్ తెరిచాను. తెర మీద చక్రం తిరుగుతోంది. రావాలి దేవుడా, రావాలి అనుకుంటుండగా అమ్మ నా జబ్బ గిల్లింది.

"ఓరి, ఆదివారం ఏం తిన్నవో యాదికున్నదా?"

నాయనమ్మను పరామర్శించడానికి వచ్చిన మామయ్యకు ఆమె కోడినే కూర వండిపెట్టాం. (రెండు ముక్కలు ఎక్కువ వేసుకున్నది నేనే.) ఇక అప్పటి నుంచి, రాకూడదు దేవుడా అని మొక్కడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే బొమ్మ వచ్చింది.

నాయనమ్మ ఒక్కొక్క కోడినీ వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఎనిమిదే ఉన్నయి. నా నల్లపెట్ట ఏది?"

అమ్మ ఫ్యాను వంక చూస్తూ నిలబడింది. నేను ఫోన్ బాగాలేనట్టు దులిపాను.

"తిన్నరు గదా! ఏయ్, ఆ అన్నం ఇటు తే. నేను జల్ది లేసి ఇంటికి రాకుంటె మిగిలినయి గూడ మింగుతరు మీరు!"

ముద్దకొక తిట్టు చొప్పున గిన్నె ఖాళీ చేసింది. తిట్లు అంత కమ్మగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేస్తున్నాను. ఎవరు పోర్టు తెరవమన్నా, లోపల ఏముందో పదిసార్లు అడిగి గానీ చేయి పెట్టను. ఆనాడు నాలో ఉన్న ఆ కుర్ర ఇంజినీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మంచిపనే చేశాడు.